లేబర్‌ను డెమొక్రాట్లతో, టోరీలను రిపబ్లికన్లతో కొలిస్తే లెక్క తప్పుతుంది

సంపాదక మహాశయులకు నమస్కారం.

2024లో జూలై 4న బ్రిటన్‌లోనూ, నవంబరు 5న అమెరికాలోనూ ఎన్నికలు జరిగినప్పటి నుంచి ఆ రెండు దేశాల రాజకీయాలను కలిపి చర్చించడం మన తెలుగు పత్రికల్లోనూ వార్తా చానళ్లలోనూ బాగా పెరిగింది. ఆ చర్చల్లో ఒక లెక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటోంది: లేబర్ వాళ్లు బ్రిటన్ డెమొక్రాట్లు, కన్సర్వేటివ్‌లు (వీరినే టోరీలంటారు) బ్రిటన్ రిపబ్లికన్లు. పన్నులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వ వ్యయం వంటి విషయాల్లో ఈ పోలిక కొంతదూరం నడుస్తుంది. కానీ ఆ దేశాల ప్రజలు తమ పార్టీని ఎలా చూస్తారు, ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటారు, ఎప్పుడు వదిలేస్తారు అన్న ప్రశ్న వచ్చేసరికి అది మనల్ని పక్కదారి పట్టిస్తుంది. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం రాజనీతిశాస్త్రం బోధించినవాడిగా ఈ విషయాన్ని కొంచెం వివరంగా మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను. లేఖ నిడివి పెరిగినందుకు మన్నించగలరు.

నేను చెప్పదలచినది ఇది. అమెరికాలో పార్టీ మనిషి ఉనికిలో భాగం. మతం, ప్రాంతం, చదువు లాగానే అతడు ఎవరో చెప్పే గుర్తుల్లో అదొకటి. ప్రజల్లో అంతగా పాతుకుపోయిన ఆ పార్టీకి సంస్థగా మాత్రం బలం తక్కువ. తన పేరు మీద ఎవరు పోటీ చేయాలో తేల్చుకునే అధికారం కూడా దాని నాయకత్వం చేతిలో లేదు. బ్రిటన్‌లో పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. అక్కడ పార్టీ గట్టి సంస్థ. అభ్యర్థిని అదే ఎంచుకుంటుంది, గీత దాటిన సభ్యుణ్ణి అదే బయటికి పంపుతుంది. అయినా ఓటరు మీద దాని పట్టు అరవై ఏళ్లుగా సడలుతూనే ఉంది. అమెరికన్ ఓటరు తన ఓటును పార్టీ పేరిట పట్టా చేసేస్తే, బ్రిటిష్ ఓటరు దానిని కౌలుకు మాత్రమే ఇస్తాడు. ఈ తేడాకు కారణం ఆంగ్లేయుల నెమ్మదితనమనీ, అమెరికన్ల ఆవేశమనీ చెప్పి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. చట్టాలు, ఎన్నికల పద్ధతులు, చరిత్ర కలిసి ఈ తేడాను తయారుచేశాయి.

ఓటరు నమోదు దగ్గరే ఇది మొదలవుతుంది. అమెరికాలో సుమారు 30 రాష్ట్రాల్లో ఓటరుగా పేరు నమోదు చేసుకునేటప్పుడే మీది ఏ పార్టీ అని దరఖాస్తు అడుగుతుంది. పేరు రాయకుండా స్వతంత్రంగా ఉండవచ్చు; కానీ న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో అలా ఉన్నవారికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓటు ఉండదు. రాసిన వివరం చాలా రాష్ట్రాల్లో బహిరంగ రికార్డు. ఎవరికి ఓటు వేశారన్నది రహస్యమే అయినా, ఏ పార్టీ కింద నమోదయ్యారన్నది ఎవరైనా తెలుసుకోవచ్చు. టెక్సస్, జార్జియా, వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో పార్టీ నమోదు లేదు. ఇంత చేసినా ఆ ఓటరు పార్టీకి చందా కట్టడు, సమావేశానికి వెళ్లడు, క్రమశిక్షణకు లోబడడు. ప్రభుత్వ కార్యాలయంలో ఒక గడి నింపితే డెమొక్రాట్, ఇంకో గడి నింపితే రిపబ్లికన్. బ్రిటన్‌లో ఓటరు జాబితా తయారుచేసే అధికారి ఎవరినీ పార్టీ గురించి అడగడు. అడిగితే జనం తప్పు పడతారు. పార్టీలో చేరదలచినవారు ఏటా చందా కట్టి సభ్యత్వ కార్డు తీసుకుంటారు. వారి సంఖ్య జనాభాలో బహు స్వల్పం.

ఒక పాత విషయం ఇక్కడ గుర్తు చేయాలి. 1970 సార్వత్రిక ఎన్నికల వరకు బ్రిటిష్ బ్యాలట్ పత్రం మీద పార్టీ పేరే ఉండేది కాదు. అభ్యర్థి పేరు, చిరునామా, వృత్తి మాత్రమే ఉండేవి. 1969లో చేసిన చట్టం తర్వాతే పార్టీని తెలిపే కొద్ది మాటలు చేర్చే వీలు కలిగింది. అప్పటి వరకు లేబర్‌కు ఓటు వేయదలచినవాడు తన నియోజకవర్గంలో లేబర్ మనిషి ఎవరో తెలుసుకుని వెళ్లవలసి వచ్చేది. అమెరికాలో 19వ శతాబ్దం చివరి వరకు బ్యాలట్ పత్రాలను పార్టీలే ముద్రించి జనానికి పంచేవి. ప్రభుత్వమే వాటిని ముద్రించడం మొదలుపెట్టాక కూడా, ఒక్క గుర్తుతో కిందినుంచి పైదాకా ఒకే పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడే ఏర్పాటు అనేక రాష్ట్రాల్లో దీర్ఘకాలం కొనసాగింది. అధ్యక్షుడి నుంచి కౌంటీ షెరిఫ్ దాకా, టెక్సస్, అలబామా వంటి చోట్ల రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి దాకా పార్టీ పేరు మీదే ఎన్నికయ్యే దేశంలో, పార్టీ మనిషి జీవితంలోని ప్రతి మూలకూ చేరడంలో వింత లేదు.

ఇక ప్రైమరీల సంగతి. నా దృష్టిలో అసలు కీలకం అక్కడ ఉంది. 1968లో షికాగో మహాసభలో డెమొక్రాట్ నాయకులు హ్యూబర్ట్ హంఫ్రీని అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టారు. ఆయన ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయలేదు. లోపల ఈ ఎంపిక, బయట వీధుల్లో వియత్నాం యుద్ధ వ్యతిరేకులపై పోలీసు లాఠీలు. ఆ ఆగ్రహం తర్వాత ఆ పార్టీ తన నిబంధనలను మార్చుకోక తప్పలేదు. 1972 నుంచి అభ్యర్థిని తేల్చే పని ప్రైమరీ ఓటర్ల చేతికి వెళ్లింది, రిపబ్లికన్లదీ అదే దారి అయింది. దాని ఫలితం 2016లో ప్రపంచమంతా చూసింది. అప్పటి వరకు ఏ పదవికీ ఎన్నిక కాని డొనాల్డ్ ట్రంప్, పార్టీ పెద్దల్లో అనేకులు వద్దంటున్నా, ప్రైమరీలు గెలిచి రిపబ్లికన్ అభ్యర్థి అయ్యారు. అదే ఏడాది డెమొక్రాట్ల వైపు గట్టి పోటీ ఇచ్చిన బెర్నీ శాండర్స్ సెనేట్‌కు స్వతంత్రుడిగా ఎన్నికైనవారు. లేబర్ పార్టీ సభ్యుడే కాని వ్యక్తి ఆ పార్టీ నాయకత్వానికి పోటీ చేయడం లండన్‌లో ఊహకు కూడా అందదు.

ఈ ఏర్పాటులో అమెరికన్ ప్రజాప్రతినిధి భయపడేది పార్టీ నాయకుడికి కాదు, ప్రైమరీ ఓటరుకు. 2014 జూన్‌లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల రెండో స్థానంలో ఉన్న ఎరిక్ కాంటర్ వర్జీనియాలోని తన నియోజకవర్గ ప్రైమరీలోనే ఓడిపోయారు. 2021 జనవరి 6న పార్లమెంటు భవనంపై జరిగిన దాడి తర్వాత ట్రంప్‌పై అభిశంసనకు ఓటు వేసిన రిపబ్లికన్ ప్రతినిధులు పదిమంది. వారిలో 2022 ఎన్నికల తర్వాత సభకు తిరిగి వచ్చినవారు ఇద్దరే. మాజీ ఉపాధ్యక్షుడి కుమార్తె, ఆ ఓటు వేసిన నాటికి సభలో పార్టీ మూడో స్థాయి నాయకురాలిగా ఉన్న లిజ్ చేనీని కూడా వయోమింగ్ రిపబ్లికన్ ఓటర్లు భారీ తేడాతో పక్కన పెట్టారు. దీనికి తోడు అనేక రాష్ట్రాల్లో నియోజకవర్గాల సరిహద్దులను రాష్ట్ర శాసనసభలే, అంటే అక్కడ మెజారిటీ ఉన్న పార్టీయే గీస్తుంది. ఫలితంగా చాలా నియోజకవర్గాల్లో నవంబరు పోటీ నామమాత్రమై, గెలుపోటములు ప్రైమరీలోనే తేలిపోతాయి. ప్రైమరీకి వచ్చేవారు తక్కువ, వచ్చేవారిలో అభిమానం ముదిరినవారు ఎక్కువ. బ్రిటన్‌లో సరిహద్దుల పని పార్టీలకు సంబంధం లేని బౌండరీ కమిషన్లది.

బ్రిటన్‌లో శిక్ష పైనుంచి వస్తుంది. 2019 సెప్టెంబరు 3న బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) విషయంలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలను అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ ఆ రాత్రే పార్లమెంటరీ పార్టీ నుంచి తొలగించారు. వారిలో దశాబ్దాలుగా సభలో ఉన్న మాజీ ఆర్థిక మంత్రి కెన్ క్లార్క్ ఉన్నారు, విన్‌స్టన్ చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ ఉన్నారు. కొందరిని తర్వాత తిరిగి చేర్చుకున్నారు. స్వతంత్రులుగా నిలబడిన డొమినిక్ గ్రీవ్, డేవిడ్ గాక్ ఓడిపోయారు. ఎందుకంటే బ్రిటిష్ ఓటరు నియోజకవర్గంలో వేసే ఓటు చాలావరకు ప్రధాని ఎవరు కావాలన్న దానికి వేసే ఓటు. 2024 జూలైలో లేబర్ గెలిచి మూడు వారాలు కాకముందే, ఇద్దరు పిల్లలకు మించి సంక్షేమ భృతి ఇవ్వరాదన్న పరిమితిని ఎత్తివేయాలని ఓటు వేసిన ఏడుగురు సొంత ఎంపీలను ప్రధాని కియర్ స్టార్మర్ సస్పెండ్ చేశారు. వాషింగ్టన్‌లో ఏ పార్టీ నాయకుడి చేతిలోనూ ఇంతటి కొరడా లేదు. 2023 అక్టోబరులో ప్రతినిధుల సభ స్పీకర్, రిపబ్లికన్ నేత కెవిన్ మెకార్తీని పదవి నుంచి దించడానికి ఆయన సొంత పార్టీ వారు ఎనిమిది మంది డెమొక్రాట్లతో కలిస్తే సరిపోయింది.

ఇంత పటిష్ఠమైన పార్టీలు ఓటర్లను మాత్రం నిలుపుకోలేకపోతున్నాయి. 1951లో కన్సర్వేటివ్, లేబర్ పార్టీలకు కలిపి పోలైన ఓట్లలో దాదాపు 97 శాతం వచ్చాయి. 2024లో ఆ రెండింటికీ కలిపి 57 శాతం మాత్రమే. 1964లో తమ పార్టీకి చాలా గట్టిగా కట్టుబడి ఉన్నామని చెప్పినవారు నూటికి 40కి పైగా ఉంటే, ఈ శతాబ్దం మొదటి దశకం మధ్యకు వచ్చేసరికి వారు పదిమంది దగ్గరకు దిగిపోయారు. అంతకుముందు బ్రిటన్‌లో కూడా ఓటు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదే: బొగ్గు గని కార్మికుడి ఇల్లు లేబర్, దుకాణదారుడి ఇల్లు కన్సర్వేటివ్. గనులు, ఉక్కు కర్మాగారాలు, ఓడల రేవులు మూతపడి, కార్మిక సంఘాలు చిక్కిపోయి, కార్పొరేషన్ ఇళ్లలో అద్దెకున్నవారు మార్గరెట్ థాచర్ కాలంలో ఆ ఇళ్లనే కొనుక్కున్నాక, ఆ వర్గ బంధం నిలవడానికి ఆధారం మిగలలేదు.

అది తెగిన తీరు చూస్తే మన ఎన్నికల పండితులకు కూడా ఆశ్చర్యం కలుగుతుంది. స్కాట్లండ్‌లో 2010లో లేబర్‌కు 41 స్థానాలు ఉన్నాయి. 2015లో ఒకే ఒక్కటి మిగిలి, 59 స్థానాల్లో 56 స్కాటిష్ నేషనల్ పార్టీకి వెళ్లాయి. 2024లో మళ్లీ లేబర్‌కు 37 వచ్చాయి. టోనీ బ్లెయిర్ ప్రాతినిధ్యం వహించిన సెడ్జ్‌ఫీల్డ్, 1970 నుంచి డెన్నిస్ స్కిన్నర్ గెలుస్తూ వచ్చిన గనుల ప్రాంతం బోల్సోవర్, 2019లో టోరీల పరమయ్యాయి. 2025 మే నెలలో రన్‌కార్న్ ఉప ఎన్నికలో, పది నెలల ముందు లేబర్ సునాయాసంగా గెలిచిన స్థానాన్ని రిఫార్మ్ పార్టీ ఆరు ఓట్ల తేడాతో గెలుచుకుంది. ఈ మార్పుల్లో ఓటు మార్చినవాడికి చిన్నతనమేమీ లేదు. పోయినసారి వాళ్లకు వేశాను, పని జరగలేదు, ఈసారి వీళ్లకు వేస్తాను అని మామూలుగా చెప్పుకుంటాడు. చాలామంది అది కూడా చెప్పరు, ఎవరికి వేశారని అడగడం అక్కడ మర్యాద కాదు. 1992లో సర్వేలన్నీ హోరాహోరీ అని చెబితే టోరీ ప్రధాని జాన్ మేజర్ ఏడు శాతానికి పైగా తేడాతో గెలవడానికి, టోరీలకు వేస్తామని బయటికి చెప్పని ఓటర్లు ఒక కారణమని అప్పుడు చాలామంది అన్నారు.

అమెరికాలో పయనం దీనికి ఎదురు దిశలో సాగింది. 1984లో రొనాల్డ్ రేగన్ 49 రాష్ట్రాలు గెలిచినా, ప్రతినిధుల సభలో డెమొక్రాట్ల ఆధిక్యం చెక్కుచెదరలేదు. అంటే లక్షలాది మంది అధ్యక్షుడికి ఒక పార్టీని, ప్రతినిధికి ఇంకో పార్టీని ఎంచుకున్నారు. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష పదవికి గెలిచిన పార్టీయే సెనేట్ స్థానాన్నీ గెలుచుకుంది. 2024లో నాలుగు రాష్ట్రాలు ట్రంప్‌ను గెలిపిస్తూనే డెమొక్రాట్ సెనేటర్లను పంపాయి కనుక పాత అలవాటు పూర్తిగా పోలేదు. అయినా ఇప్పుడది అరుదు. 1960లో జరిగిన ఒక సర్వేలో, తమ కొడుకో కూతురో అవతలి పార్టీ ఇంటి సంబంధం చేసుకుంటే బాధపడతామన్న అమెరికన్లు నూటికి ఐదుగురికి మించి లేరు. 2010 నాటికి రిపబ్లికన్లలో సుమారు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది బాధపడతామన్నారు. తాము స్వతంత్రులమని చెప్పుకునే అమెరికన్లు ఇప్పుడు నూటికి నలభై మందికి పైగా ఉన్న మాట నిజమే. అయితే తరచి అడిగితే వారిలో అత్యధికులు ఏదో ఒక పార్టీ వైపు మొగ్గుతామనే చెబుతారు, ఓటు కూడా అటే వేస్తారు. తమ పార్టీ మీద ప్రేమ కంటే అవతలి పార్టీ మీద భయమే వారిని నడిపిస్తోందని నాకు అనిపిస్తుంది, ఆ దేశ ప్రజల గురించి నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం కూడా అదే.

ఇది అనాదిగా ఉన్నది కాదు. జార్జ్ వాషింగ్టన్ 1796లో పదవిని వీడుతూ దేశానికి రాసిన సందేశంలో పార్టీ కక్షల గురించి గట్టిగా హెచ్చరించారు. వారి రాజ్యాంగంలో పార్టీ ప్రస్తావనే లేదు. 1964 పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో డెమొక్రాట్లు 46 మంది అనుకూలంగా, 21 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. రిపబ్లికన్లలో 27 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం. అంటే అప్పటికి రెండు పార్టీల్లోనూ ఉదారవాదులు, సంప్రదాయవాదులు కలిసే ఉన్నారు. ఆ చట్టం తర్వాత దక్షిణాది తెల్లజాతి ఓటర్లు క్రమంగా రిపబ్లికన్ల వైపు జరిగారు, నల్లజాతి ఓటర్లు డెమొక్రాట్ల వైపు స్థిరపడ్డారు. 1973లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించాక చర్చికి క్రమం తప్పకుండా వెళ్లే శ్వేతజాతి క్రైస్తవులు ఒక వైపు చేరారు. పల్లెలు ఒకవైపు, మహానగరాలు మరొకవైపు అయ్యాయి. జాతి, మతం, ఊరు, చదువు అన్నీ ఒకే గీత మీదకు వచ్చి నిలిచాక, పార్టీ మారడమంటే తన వాళ్లందరినీ వదులుకోవడమనే భావన ఓటరులో కలిగింది. చుట్టూ ఉన్నవారంతా ఒకే రంగు టోపీ పెట్టుకునే ఊళ్లో ఉండేవాడికి ఆ భావన ఊహ కాదు, అనుభవం.

బ్రిటన్ ఈ ఉచ్చులో పడకపోవడానికి ఒక మంచి సంప్రదాయం సాయపడింది. ఆ సంప్రదాయం గురించి మన దగ్గర తగినంతగా రాయలేదని నా అభిప్రాయం. మనస్సాక్షికి సంబంధించిన విషయాల్లో అక్కడి పార్టీలు విప్ జారీ చేయవు. 1965లో హత్యానేరానికి మరణశిక్షను రద్దు చేసిన బిల్లును తెచ్చినవారు సిడ్నీ సిల్వర్‌మన్ అనే సాధారణ లేబర్ సభ్యుడు. 1967 గర్భస్రావ చట్టాన్ని తెచ్చినవారు అప్పటి యువ లిబరల్ ఎంపీ డేవిడ్ స్టీల్. 2013లో స్వలింగ వివాహాల బిల్లును కన్సర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరన్ ప్రభుత్వమే ప్రవేశపెట్టింది. ఆయన పార్టీ ఎంపీల్లో అనుకూలంగా ఓటు వేసినవారి కంటే వ్యతిరేకించినవారే ఎక్కువ, ప్రతిపక్షాల ఓట్లతోనే అది గట్టెక్కింది. 2024 నవంబరు 29న మరణానికి చేరువైన రోగులకు వైద్యసాయంతో ప్రాణం వదిలే అవకాశం ఇచ్చే బిల్లుపై ఓటింగు జరిగితే 330 మంది అనుకూలం, 275 మంది వ్యతిరేకం. ప్రధాని స్టార్మర్, ఆయన చేతిలో అయిదు నెలల క్రితం ఓడిన రిషి సునాక్ ఒకే వైపు ఓటు వేశారు. స్టార్మర్ ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్, కన్సర్వేటివ్ నాయకురాలు కెమి బేడెనాక్ అవతలి వైపు ఒకటయ్యారు. మనిషి మనసులోని అతి లోతైన నమ్మకాలను పార్టీ జెండాకు కట్టకుండా వదిలేసినప్పుడు, ఆ జెండా మార్చడం కూడా తేలికవుతుంది.

తుపాకుల విషయం చూడండి. 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లలు, వారి టీచరు కాల్పుల్లో చనిపోయారు. మరుసటి ఏడాదిలోనే మొదట టోరీ ప్రభుత్వం, తర్వాత లేబర్ ప్రభుత్వం చేసిన రెండు చట్టాలతో ప్రైవేటు వ్యక్తుల దగ్గర చేతి తుపాకులు దాదాపు పూర్తిగా నిషిద్ధమయ్యాయి. 2012 డిసెంబరులో అమెరికాలోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు చనిపోయారు. తుపాకీ కొనేవారి పూర్వాపరాల తనిఖీని విస్తరించే ప్రతిపాదనకు కూడా మరుసటి ఏప్రిల్‌లో సెనేట్‌లో కావలసిన 60 ఓట్లు రాలేదు, 54 దగ్గర ఆగిపోయింది. అక్కడి తల్లిదండ్రుల దుఃఖం డన్‌బ్లేన్‌వారి దుఃఖానికి ఏమాత్రం తక్కువ కాదు. తుపాకీ అక్కడ పార్టీ గుర్తుల్లో ఒకటైపోయింది, అంతే తేడా.

పదవుల పట్ల ఉన్న వైఖరి కూడా ఇందులో భాగమే. బ్రిటన్‌లో స్పీకర్‌గా ఎన్నికైన వ్యక్తి ఆ క్షణం నుంచి తన పార్టీని వదులుకుంటారు. 2019లో లిండ్సే హోయిల్ లేబర్‌ను అలాగే వదిలారు, 2024లో ఆయన నియోజకవర్గంలో పెద్ద పార్టీలు పోటీ పెట్టలేదు. అమెరికా స్పీకర్ సభలో తన పార్టీకి సేనాని. బ్రిటన్‌లో ప్రతిపక్ష నాయకుడికి 1937 నుంచి ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇస్తున్నారు. ప్రభుత్వాన్ని ఎదిరించడం రాజ్యానికి చేసే సేవేనని దాని అర్థం. అమెరికాలో ఓడిన అధ్యక్ష అభ్యర్థికి మరునాటి నుంచి ఏ స్థానమూ ఉండదు. కొత్త అధ్యక్షుడు రాగానే సుమారు 4,000 పదవులు రాజకీయ నియామకాలతో నింపుతారు. లండన్‌లో ప్రభుత్వం మారితే నూరుమందికి పైగా మంత్రులు, వారి సలహాదారులు మారతారు, శాఖల కార్యదర్శులు యథాస్థానంలో ఉంటారు. ఓడితే పోయేది ఎంత అన్నదాన్ని బట్టే ఓటమిని అంగీకరించే మనసు ఉంటుంది. 2024 జూలై 5న సునాక్ ఓటమిని ఒప్పుకుని, స్టార్మర్ మంచివాడని మెచ్చుకుంటూ ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం, 2021 జనవరిలో 147 మంది రిపబ్లికన్ సెనేటర్లు, ప్రతినిధులు ఎన్నిక ఫలితంపై అభ్యంతరానికి ఓటు వేయడం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

డబ్బు, టీవీ సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో నియోజకవర్గ అభ్యర్థి ఖర్చుకు 1883 నుంచి చట్టబద్ధమైన పరిమితి ఉంది, టీవీ రేడియోల్లో డబ్బు కట్టి రాజకీయ ప్రకటన వేయడం నిషిద్ధం, 2024లో ఎన్నిక ప్రకటన నుంచి పోలింగుకు ఆరు వారాలే. అమెరికాలో ప్రచారం దాదాపు రెండేళ్లు. 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కంపెనీలు, సంఘాలు స్వతంత్రంగా చేసే ఎన్నికల ఖర్చుకు హద్దు లేదు. ప్రసారాల్లో రెండు వైపులా వినిపించాలన్న నిబంధనను 1987లోనే ఎత్తేశారు. రెండేళ్లపాటు రోజూ అవతలివారిని చూసి భయపడమని చెబితే ఏ దేశ ప్రజలైనా భయపడతారు.

బ్రిటన్‌ను ఆదర్శంగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. ఉత్తర ఐర్లండ్‌లో ఓటు ఇప్పటికీ ఎక్కువగా పుట్టిన సమాజాన్ని బట్టే పడుతుంది. 2016 బ్రెగ్జిట్ ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత, 52 శాతం ఒకవైపు, 48 శాతం మరొకవైపు చీలిన ప్రజలు, పార్టీ కంటే ఆ చీలికకే ఎక్కువ కట్టుబడ్డారు; అమెరికాలో పార్టీ చేసే పనిని కొన్నేళ్లు అక్కడ ఆ ఒక్క ప్రశ్న చేసింది. అంతకంటే పెద్ద లోపం నాయకుడి ఎంపికలో ఉంది. 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్‌ను ప్రధానిని చేసిన ఎన్నికలో ఓటు హక్కు ఉన్నది సుమారు 1.72 లక్షల మంది కన్సర్వేటివ్ సభ్యులకే. ఆమెకు పడిన ఓట్లు 81,326. నాలుగున్నర కోట్లకు పైగా ఓటర్లున్న దేశానికి ఇది న్యాయం కాదు. 1950ల్లో ఆ పార్టీకి 28 లక్షల సభ్యులు ఉండేవారని చెప్పుకున్న రోజుల్లో ఆ పద్ధతి పెట్టి ఉంటే కొంత సమర్థన ఉండేదేమో. సభ్యులు తగ్గేకొద్దీ వారి చేతిలో అధికారం పెరగడం అక్కడివారు సరిదిద్దుకోవలసిన విషయం. అయినా ఆ తప్పును సరిచేసే దారి అక్కడ దగ్గరలోనే ఉంది: ఏడు వారాలకే సొంత ఎంపీలు ఆమెను దించారు, సుమారు ఇరవై నెలల తర్వాత ఓటర్లు ఆ పార్టీని 121 స్థానాలకు కుదించారు.

మనకు ఇందులో ఆలోచించవలసినది ఒకటుంది. మనం వెస్ట్‌మినిస్టర్ పద్ధతిని తెచ్చుకున్నాం, 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలుతో, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టంతో, దానికి అక్కడ లేని కట్టుబాటును జోడించాం. బ్రిటన్‌లో విప్ ధిక్కరించిన ఎంపీకి పార్టీ పోతుంది, సీటు పోదు; మన దగ్గర సీటే పోతుంది. దాన్ని తేల్చవలసిన స్పీకర్ మాత్రం పార్టీ మనిషిగానే మిగిలిపోతారు. తెలంగాణ శాసనసభలో పార్టీ మారారన్న ఆరోపణ ఉన్న పదిమంది ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పవలసి రావడం, మనం స్పీకర్ కుర్చీని తెచ్చుకుని దాని సంప్రదాయాన్ని వదిలేశామనడానికి నిదర్శనం.

చివరగా, ఆ దేశాల్లో ఉన్న మన పిల్లల గురించి. అమెరికాలో పౌరసత్వం వచ్చే దాకా, ఎన్నేళ్లు ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, ఫెడరల్ ఎన్నికల్లో ఓటు లేదు; డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో తెలియక ఓటరు నమోదు కాగితం మీద సంతకం పెడితే అది వీసాకే కాదు, ఆ దేశంలో ఉండడానికే ముప్పు తెస్తుంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులకు, కామన్వెల్త్ పౌరులుగా, పార్లమెంటు ఎన్నికల్లోనూ స్థానిక ఎన్నికల్లోనూ ఓటు హక్కు ఉంది. నిన్న మొన్న చదువుకు వెళ్లిన విద్యార్థి కూడా 18 ఏళ్లు నిండి ఉంటే పేరు నమోదు చేసుకోవచ్చు. పోలింగ్ కేంద్రంలో గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఈ సంగతి తెలియని తెలుగు విద్యార్థులు లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్‌లలో చాలామంది ఉన్నారు. విదేశీ విద్య కోసం మీ పత్రిక కేటాయించే పేజీలో ఈ రెండు నిబంధనలనూ ఒకసారి స్పష్టంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ